గోడ అవతలి మనిషి

ఇల్లు కొన్నప్పుడు రాయించుకునే దస్తావేజులో చెక్కుబందీ అని ఒక భాగం ఉంటుంది. తూర్పున ఫలానావారి ఇల్లు, దక్షిణాన ఫలానావారి ఖాళీ స్థలం, పడమర మునిసిపల్ బజారు, ఉత్తరాన ఫలానావారితో ఉమ్మడి గోడ. మన స్థలం ఎక్కడుందో చెప్పాలంటే చుట్టూ ఉన్నవాళ్ల పేర్లు రాయక తప్పదు. స్నేహితుల్ని మనం ఏరుకుంటాం. పెళ్లి సంబంధమైతే పదిచోట్ల వాకబు చేసి కుదుర్చుకుంటాం. ఉద్యోగం పడకపోతే మానుకుంటాం. పొరుగు మాత్రం స్థలంతో పాటు వస్తుంది. వాళ్లకు మనమూ అలాగే వచ్చాం.

యేసు ప్రేమించమన్నది ఈ చెక్కుబందీలో ఉన్న మనిషిని. నేను పుట్టి పెరిగింది క్రైస్తవ కుటుంబంలో. సండే స్కూల్లో పది ఆజ్ఞలతో పాటు పొరుగువాణ్ని ప్రేమించమన్న ఈ మాటనూ కంఠతా పట్టించారు. గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేవాళ్లం. వయసు పెరిగేకొద్దీ బైబిల్లో ఇంతకంటే కష్టమైన ఆజ్ఞ మరొకటి ఉందా అనిపిస్తోంది. ఎక్కడో వరదలొస్తే చందా రాయటం, దూరదేశంలో యుద్ధంలో చిక్కుకున్న పిల్లల కోసం కన్నీళ్లతో ప్రార్థించటం మనవల్ల అయ్యే పనులే. ఆ దూరపు మనిషి మన గేటుకు అడ్డంగా బండి పెట్టడు. దోస్తాయెవ్‌స్కీ 'కరమజోవ్ సోదరులు' నవలలో ఇవాన్ తన తమ్ముడితో ఇదే చెబుతాడు: దూరాన ఉన్నవాళ్లనైతే ప్రేమించవచ్చునేమో గాని, ఆనుకుని ఉన్నవాళ్లను ఎలా ప్రేమిస్తారో తనకు ఎన్నడూ అర్థం కాలేదని. ఇవాన్ దేవుడితో పేచీ పెట్టుకున్నవాడు. అయినా ఈ ఒక్క విషయంలో చాలామంది విశ్వాసులకంటే నిజాయతీగా మాట్లాడాడని నేననుకుంటాను.

పక్కింటి తగాదాలు ఎంత చిన్నవాటి మీద పుడతాయో అందరికీ తెలిసిందే. చూరు నీళ్లు అవతలి దొడ్లో పడటం. మునగకొమ్మ గోడ దాటి వాళ్ల వాకిట్లో ఆకు రాల్చటం. ఊడ్చిన చెత్త గాలికి ఇవతలి ముగ్గు మీదికి రావటం. ఒకరు బోరు లోతు చేయిస్తే రెండోవారి బోరు ఎండిపోవటం. మెట్లు బజార్లోకి అడుగు ముందుకు జరగటం. అపార్టుమెంటయితే పై ఫ్లాటు బాత్‌రూం నీళ్లు కింది ఫ్లాటు సీలింగులోంచి కారటం, మెయింటెనెన్సు కట్టనివాళ్లు దర్జాగా లిఫ్టు ఎక్కటం, పార్కింగులో అరడుగు దగ్గర పంతం. గోడ ఖరీదుకు ఎన్నో రెట్లు వకీళ్లకు ఫీజులు కట్టి, దావా తేలకుండానే కన్నుమూసిన పెద్దవాళ్లను చూశాను. వాళ్ల పిల్లలు ఆ దావాను కూడా ఆస్తితో పాటు పంచుకున్నారు.

ఇంత చిన్న విషయం అంత దూరం ఎలా పోతుంది? నాకు తోచిన జవాబు ఒకటుంది. చూరు నీళ్లు పడేది వానాకాలంలోనే. వాటి గురించిన మాటలు మాత్రం మన ఇంట్లో ఏడాది పొడుగునా సాగుతాయి. రాత్రి అన్నాల దగ్గర మొదలవుతుంది. మొదటిరోజు మాట్లాడుకునేది తూము గురించి. వారం తిరిగేసరికి ఆ మనిషి బుద్ధి గురించి. నెల తిరిగేసరికి వాళ్ల పెంపకం, వాళ్ల ఊరు, వాళ్ల కులం, వాళ్ల మతం అన్నీ పీటల మధ్యకి వచ్చేస్తాయి. ఆయన నిజంగా చేసిన తప్పు ఒక పాలైతే మనం దానికి చేర్చినవి తొమ్మిది పాళ్లు. పిల్లలు అన్నం కలుపుకుంటూ అన్నీ వింటారు. కొన్నాళ్లకు గోడ అవతల మనిషి మనకు కనబడటం మానేస్తాడు. మన ఇంట్లో మనం తయారుచేసుకున్న ఆయన బొమ్మ ఒకటే కనబడుతుంది. దానికి మోకాళ్ల నొప్పులుండవు, అప్పులుండవు, పరీక్ష తప్పిన కొడుకు ఉండడు. అలాంటి బొమ్మను ఎవరు ప్రేమించగలరు?

అందుకే, పొరుగువాణ్ని ప్రేమించటం అన్నది ముందుగా నిజం చెప్పటం దగ్గర మొదలవుతుందని నా నమ్మకం. ఆయన లేనప్పుడు ఆయన గురించి నిజమే చెప్పటం. ఆయన ముందు ఆయనతో నిజం చెప్పటం. మనకు మనం మన గురించి నిజం చెప్పుకోవటం. ఇది నా సొంత ఆలోచన కూడా కాదు, పాత నిబంధనలో ఉన్నదే.

పొరుగువాణ్ని ప్రేమించమన్న ఆజ్ఞ మొదట కనబడేది లేవీయకాండం పంతొమ్మిదో అధ్యాయంలో. అక్కడ అది ఒంటరిగా లేదు. దానికి ముందున్న రెండు మూడు వచనాలు వరసగా చదవండి. కొండేలు మోస్తూ తిరగొద్దంటుంది. హృదయంలో పగ దాచుకోవద్దంటుంది. పొరుగువాడు తప్పు చేస్తే ఎదటపడి గద్దించమంటుంది. ఊరుకుంటే ఆ పాపంలో నీకూ పాలుంటుందని హెచ్చరిస్తుంది. కక్ష తీర్చుకోవద్దంటుంది. ఇవన్నీ చెప్పిన తర్వాతే ప్రేమించమంటుంది. మనం ఆ ఆఖరి మాట ఒక్కటే కోసుకొచ్చి క్యాలెండర్ల మీద అచ్చు వేసుకున్నాం. ముందున్న మాటలు పోయేసరికి, ప్రేమ అంటే లోపల ఉడుకుతూ పైకి నవ్వు మొహంతో వందనాలు చెప్పటమేనన్న అపోహ మన సంఘాల్లో స్థిరపడింది. మోషే ధర్మశాస్త్రం అంత తేలికగా వదిలిపెట్టదు. నీకు కష్టం కలిగించినవాడి దగ్గరికి నడిచి వెళ్లి, ఆ కష్టమేమిటో చెప్పమంటుంది. నలుగురితో చెప్పటం సుఖం, ఆయన ఒక్కడితో చెప్పటం ప్రయాస. ఆ ప్రయాసనే అక్కడ ప్రేమకు ముందుమెట్టుగా పెట్టారు.

నిర్గమకాండం ఇరవైమూడో అధ్యాయంలో ఇంకో చిన్న సంగతి ఉంది. నీ శత్రువు ఎద్దో గాడిదో తప్పిపోయి నీ కంటబడితే తోలుకెళ్లి వాడికి అప్పజెప్పు. నువ్వంటే గిట్టనివాడి గాడిద బరువుతో కూలబడితే తప్పుకుపోకు, అతనితో కలిసి దాన్ని లేపు. ఈ రెండు వచనాలంటే నాకు ప్రాణం. మనసులో ఎలా ఉండాలో ఒక్క మాట లేదు. శత్రువును శత్రువనే అంది, గిట్టనితనం లేదని నటించమనలేదు. పని మాత్రం చెప్పింది. కూలబడిన గాడిదను ఒక్క మనిషి లేపలేడు. చెరో పక్క చేరి పట్టాలి. పలకరింపులు లేని ఇద్దరు ఆ కాసేపు ఒకే బరువు మోస్తారు. సి. ఎస్. లూయిస్ 1952లో అచ్చయిన 'మియర్ క్రిస్టియానిటీ'లో చెప్పిందీ ఇలాంటిదే: నాకు ప్రేమ ఉందా లేదా అని మనసు తవ్వుకుంటూ కూర్చోవద్దు, ప్రేమ ఉన్నవాడు ఏం చేస్తాడో అది చెయ్యమని, చేయగా చేయగా ప్రేమ వెనకే వస్తుందని. వస్తుందో రాదో గాని, పని మాత్రం మిగులుతుంది.

మన వీధుల్లో ఇప్పుడు గాడిదలు లేవు. అయితే పక్కింటి ట్యాంకు పొంగి మోటారు తిరుగుతూనే ఉంటుంది. వాళ్లు ఊళ్లో లేనప్పుడు గ్యాసు సిలిండరు వస్తుంది. వాన మొదలయ్యేసరికి డాబా మీద వాళ్ల వడియాలు తడుస్తుంటాయి. రాత్రి పదింటికి గేటు తెరిచే ఉంటుంది. వీటిలో ఏదీ చెప్పటానికి వాళ్లంటే ఇష్టం ఉండనక్కర్లేదు. మోటారు కట్టమని కేక వేస్తే చాలు.

మా అమ్మ ఈ అధ్యాయాల్ని నాకంటే బాగా చదువుకుంది. గుంటూరులో మేమున్న వీధిలో పక్కింటావిడతో మాకు నీళ్ల పేచీ. వాళ్ల దొడ్డి గొట్టంలోంచి బట్టలుతికిన నీళ్లు వచ్చి మా మెట్ల మీద నిలిచేవి. పాచి పట్టేది. అమ్మ ఒకరోజు చీర కొంగు సవరించుకుని వాళ్లింటికి వెళ్లింది.

"వదినగారూ, మీ దొడ్డి నీళ్లు మా మెట్ల మీదికి వస్తున్నాయండీ. పిల్లలు జారుతున్నారు. ఆ గొట్టం కాస్త కాలవవైపు తిప్పించండి."

"ఎప్పట్నించో ఉన్న గొట్టం అది. మీకంత ఇబ్బందైతే మీ మెట్లు తీయించుకోండి."

అమ్మ తిరిగొచ్చి నాన్నతో రెండే ముక్కలు చెప్పింది, "అడిగాను. తిప్పించనన్నారు." నాన్న ఊరుకోలేదు. ఆవిడ మొదట్నుంచీ అంతేనని, ఆ ఇంటివాళ్లందరిదీ అదే వరసని అందుకున్నాడు. అమ్మ కూర గిన్నె ముందుకు జరుపుతూ, "ఆ మాట ఆవిడ ఎదటపడి అనగలిగితే వెళ్లి అనండి. లేకపోతే అన్నం తినండి" అంది. అది మా ఇంట్లో కట్టుబాటుగా నిలిచిపోయింది. ఎవరి గురించైనా వాళ్ల ముందు అనలేని మాట మా అన్నాల దగ్గర నడిచేది కాదు. మాకప్పుడు అది చాదస్తంగా ఉండేది. ఇప్పుడాలోచిస్తే, ఆ నీళ్లు మా మెట్ల మీద నిలిచాయి గాని మా ఇంట్లోకి రాకపోవటానికి కారణం అదే.

తర్వాత అమ్మ తాపీమేస్త్రీని పిలిచి మా హద్దులోనే చిన్న సిమెంటు గట్టు కట్టించింది. క్రిస్మస్‌కి వీధిలో అందరితో పాటు వాళ్లకూ అరిసెలు, కజ్జికాయలు పంపింది. పళ్లెం మీద కప్పిన గుడ్డ తీయకుండానే పనిపిల్లతో తిరిగి పంపించారు. మరుసటి ఏడు మళ్లీ పంపింది. కొన్నాళ్లకు పళ్లెం ఖాళీగా తిరిగి రావటం మొదలైంది, మాట మాత్రం లేదు. ఆఖరుకు వాళ్లు ఆ ఇల్లు బిల్డరుకు అమ్మేసి వెళ్లిపోయారు. వెళ్లేటప్పుడు చెప్పి వెళ్లలేదు. ఆవిడ మారలేదు. కన్నీళ్లతో వచ్చి మా అమ్మ చేతులు పట్టుకోలేదు. సాక్ష్య కూటాల్లో చెప్పే కథల్లో అయితే మారేది. మా అమ్మ ఎన్నడూ దాన్ని ఓటమి అనుకోలేదు, ఎందుకంటే ఆమె చేసినవి ఆవిణ్ని మార్చటానికి చేసినవి కావు.

ఇక ప్రార్థన. మత్తయి సువార్త ఐదో అధ్యాయంలో యేసు, హింసించేవారి కోసం ప్రార్థించమన్నాడు. మనలో చాలామందికి తెలిసిన ప్రార్థన వేరు: ప్రభువా, పక్కింటివాళ్ల మనసు మార్చు, వాళ్లకు బుద్ధి దయచెయ్యి. ఇది మోకాళ్ల మీద దాఖలు చేసిన ఫిర్యాదు. మా కుటుంబ ప్రార్థనలో అమ్మ ఆ పక్కింటావిడ పేరు చెప్పి, ఆవిడ మోకాళ్ల నొప్పి తగ్గాలని, బొంబాయిలో ఉన్న కొడుకు ఉత్తరం రాయాలని అడిగేది. ఈ వివరాలు అమ్మకెలా తెలుసు? తెలుసుకుంది కనుక తెలుసు. ఒక మనిషి కోసం ఏం అడగాలో తెలియాలంటే ఆ మనిషికి ఏం కొరతో తెలియాలి. అది తెలియాలంటే కొన్నాళ్లు శ్రద్ధగా చూడాలి. అలా చూసిన మనిషి గురించి అన్నాల దగ్గర బొమ్మ కట్టటం కుదరదు. పగవారి కోసం ప్రార్థించటం ప్రార్థించేవాళ్లకే మేలు చేస్తుందని బోధకులు చెబుతుంటారు. అది ఎలా జరుగుతుందో నేను చూసింది ఇక్కడే.

లూకా సువార్త పదో అధ్యాయంలోని మంచి సమరయుడి కథ క్రైస్తవులు కానివాళ్లకూ తెలుసు. రోడ్డు ప్రమాదంలో గాయపడ్డవారిని ఆదుకున్నవాళ్లను కేసుల బెడద నుంచి కాపాడే నిబంధన 2019 సవరణతో మన మోటారు వాహనాల చట్టంలో చేరింది. చట్టంలో వాళ్లను పిలిచిందీ ఆ పేరుతోనే. అంతగా వాడుకలోకి వచ్చేసరికి కథలోని వాడి తగ్గిపోయింది. యూదులూ సమరయులూ ఎక్కడెక్కడివాళ్లో కారు, అచ్చమైన ఇరుగుపొరుగు. గలిలయ నుంచి యెరూషలేముకు దగ్గరి దారి సమరయ మీదుగానే. ఒకే ధర్మశాస్త్రం, ఒకే పితరులు, ఎక్కడ ఆరాధించాలన్న దానిమీద తరాల తగవు. క్రీస్తుకు పూర్వం రెండో శతాబ్దం చివర్లో యూదుల ప్రధాన యాజకుడు జాన్ హిర్కానస్ గెరిజీము కొండ మీది సమరయుల ఆలయాన్ని పడగొట్టాడు. యేసు చిన్ననాడు, ఒక పస్కా పండగవేళ సమరయులు కొందరు యెరూషలేము దేవాలయంలోకి చొరబడి ఎముకలు చల్లి మైల చేశారని చరిత్రకారుడు జోసీఫస్ రాశాడు. అటూ ఇటూ లెక్క బాకీ ఉంది.

ఈ కథకు ముందు అధ్యాయం చదవకుండా దీన్ని చదవకూడదంటాను. తొమ్మిదో అధ్యాయం చివర్లో, యేసు యెరూషలేముకు వెళ్తున్నాడని తెలిసి ఒక సమరయ గ్రామం ఆయనకు బస ఇవ్వలేదు. యాకోబు, యోహాను మండిపడి, ఆకాశం నుంచి అగ్ని రప్పించి వీళ్లను కాల్చేద్దామా అని అడిగారు. ఆయన వాళ్లనే గద్దించాడు. ఇంకో ఊరికి నడిచాడు. అంతే జరిగింది అక్కడ. ఆ తలుపు మూత జ్ఞాపకం ఇంకా పచ్చిగా ఉండగానే, ధర్మశాస్త్రోపదేశకుడు ఒకడు వచ్చి నా పొరుగువాడెవడని అడిగాడు. యేసు చెప్పిన కథలో దారిన పడి ఉన్న మనిషిని చూసి కూడా యాజకుడు తప్పుకుపోయాడు, లేవీయుడు తప్పుకుపోయాడు, ఆగినవాడు సమరయుడు. తన మొహాన తలుపు వేసిన జనంలోంచి మంచివాణ్ని ఎంచి కథలో నిలబెట్టాడు. ఒక ఊరు చేసిన పనికి జాతి మొత్తం మీద తీర్పు రాయలేదు. తనకు అన్యాయం చేసినవాళ్ల గురించి, వాళ్లు లేనప్పుడు, విరోధుల మధ్య, నిజం చెప్పాడు.

ఆ సమరయుడు చేసిన పనికి ఒక హద్దు ఉండటం కూడా నాకు ఊరటగా ఉంటుంది. యెరూషలేము నుంచి యెరికోకు పాతిక కిలోమీటర్లకు కాస్త ఎక్కువ, వెయ్యి మీటర్ల దిగుడు, దొంగలు పొంచి ఉండే కొండదారి. అతను గాయాలు కట్టాడు, తన వాహనం మీద ఎక్కించాడు, పూటకూళ్ల ఇంట్లో ఒక రాత్రి దగ్గరుండి చూశాడు. మర్నాడు రెండు దేనారాలు, అంటే రెండు రోజుల కూలి, ఇంటివాడి చేతిలో పెట్టి, ఎక్కువైతే తిరిగొచ్చేటప్పుడు ఇస్తానని తన పని మీద వెళ్లిపోయాడు. ఆ గాయపడ్డవాడితో స్నేహం కలిసిందని, రాకపోకలు మొదలయ్యాయని కథలో లేదు. పడనివాళ్లను ప్రేమించటమంటే వాళ్లతో ఒక కంచంలో తినటమేనేమో అని భయపడేవాళ్లు ఈ కొలత గుర్తుపెట్టుకోవచ్చు. అవసరం వచ్చినప్పుడు తప్పుకుపోకపోవటం, చేయగలిగినంత పూర్తిగా చేయటం, తర్వాత ఎవరి దారి వాళ్లది.

మన గురించి మనం చెప్పుకోవలసిన నిజం ఒకటి మిగిలింది. మనం క్రైస్తవులం చాలా వీధుల్లో కష్టమైన పొరుగు. ఇది గట్టిగా చెప్పవలసిన మాట. ఆల్‌నైట్ ప్రేయర్ పేరుతో చిన్న రేకుల షెడ్డు మీద నాలుగు పెద్ద బాక్సులు పెట్టి, డ్రమ్స్‌తో తెల్లవార్లూ పాడితే, పక్కింట్లో పరీక్ష ఉన్న పిల్లకు, గుండె జబ్బు ముసలాయనకు అది సువార్త అవుతుందా? చెన్నైలో ఒక పెంతెకొస్తు సంఘానికీ, మెజెస్టిక్ కాలనీ నివాసుల సంక్షేమ సంఘానికీ మధ్య ఇదే తగాదా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2000 ఆగస్టులో ఇచ్చిన తీర్పులో కోర్టు, మైకులతో డప్పులతో ఇతరుల ప్రశాంతతను చెడగొట్టి ప్రార్థించమని ఏ మతమూ చెప్పదని తేల్చింది. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా లౌడ్‌స్పీకర్లు నిషేధించే కేంద్ర నియమాలు వచ్చింది ఆ ఏడే. ఇతర మతాలవాళ్ల మైకులు లేవా అంటారు. ఉన్నాయి. వాళ్ల లెక్క వాళ్లది. పొరుగువాణ్ని ప్రేమించమన్న ఆజ్ఞను నోటితో చెప్పేవాళ్లం మనం, బాక్సు సౌండు తగ్గించవలసింది ముందు మనమే. ఆదివారం ఆరాధనకు వచ్చినవాళ్ల కార్లు పక్కవాళ్ల గేట్లకు అడ్డం పెట్టటం, వాళ్ల దేవుళ్ల గురించి మైకులో తూలనాడటం కూడా ఈ లెక్కలోవే. వినాయక చవితికి పక్కింటివాళ్లు ఉండ్రాళ్లు తెస్తే తినాలా వద్దా అన్నది ఎవరి మనస్సాక్షి వారిది. అపొస్తలుడైన పౌలు కొరింథువారికి రాసిన మొదటి పత్రికలో ఈ విగ్రహార్పిత భోజనం గురించే ఎంతో వివరంగా రాశాడు. తినేట్లయితే సంతోషంగా తినండి. తినలేకపోతే ఆ మాట మర్యాదగా చెప్పండి. ప్రేమతో తెచ్చిన మనిషి మొహాన తలుపు వేయటానికి మాత్రం ఏ పత్రికలోనూ ఆధారం లేదు.

ఇంతదాకా రాసినదంతా తూముల గురించి, గోడల గురించి, మైకుల గురించి. కొన్ని పొరుగులు అలాంటివి కావు. 1985 జూలైలో కారంచేడులో దళితులు తాగే చెరువు నీళ్లను మైల చేయవద్దని అడ్డుపడి, మున్నంగి సువార్త అనే మాదిగ స్త్రీ బిందె ఎత్తింది. మర్నాడు, 17వ తేదీన, మాదిగపల్లె మీద పడి మనుషుల్ని వెంటాడి చంపారు. చంపినవాళ్లు పొలిమేర అవతలినుంచి రాలేదు. అదే ఊరివాళ్లు, ఆ నీళ్ల పక్కవాళ్లు. బతికి బయటపడ్డవాళ్లు చీరాల చేరుకుని పోరాడారు, దళిత మహాసభ అక్కడినుంచి పుట్టింది. 1989లో వచ్చిన ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వెనక ఇలాంటి పోరాటాల ఒత్తిడి ఉంది. తెలుగునాట క్రైస్తవ సంఘాల్లో ఎక్కువమంది ఆ పల్లెల్లోంచి వచ్చినవాళ్లే. వాళ్లకు పొరుగువాణ్ని ప్రేమించమన్న మాటను నోరు మూసుకోమన్న అర్థంలో బోధిస్తే అది దేవుని వాక్యాన్ని దౌర్జన్యానికి అద్దెకివ్వటమే. ప్రధాన యాజకుడి ముందు బంట్రోతు చెంప మీద కొట్టినప్పుడు యేసు ఊరుకోలేదు. నేను తప్పు మాట్లాడితే ఆ తప్పు చూపించు, లేకపోతే ఎందుకు కొట్టావని అడిగాడు. ఫిలిప్పీలో విచారణ లేకుండా కొట్టించి జైల్లో వేసిన అధికారులు రహస్యంగా పంపేస్తామంటే, పౌలు కదలనన్నాడు, వాళ్లే వచ్చి బయటికి తీసుకెళ్లాలన్నాడు. ఎదటపడి గద్దించమన్న లేవీయకాండపు ఆజ్ఞ ఇలాంటి చోట పోలీసు స్టేషన్లో ఫిర్యాదు రూపం తీసుకుంటుంది, కోర్టులో సాక్ష్యం రూపం తీసుకుంటుంది. గోడ అవతల భర్త చేతిలో దెబ్బలు తింటున్న ఇల్లాలి కేకలు వినబడుతుంటే 112కి ఫోను చేయటమూ పొరుగు ప్రేమే. అది ఆవిడ పట్ల ప్రేమ, ఆయన్ని మరింత పాపం చేయకుండా ఆపటం కూడా.

అంత అన్యాయం జరిగినచోట ప్రేమకు ఏం పని మిగులుతుంది? 1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో మిషనరీ గ్రాహం స్టెయిన్స్‌నూ ఆయన ఇద్దరు కొడుకులనూ జీపులో సజీవంగా కాల్చేశాక ఆయన భార్య గ్లాడిస్, హంతకుల మీద తనకు పగ లేదని, క్షమించానని చెప్పింది. కూతురితో పాటు 2004 దాకా బారిపదాలోనే ఉండి కుష్ఠురోగుల ఆశ్రమం పని చూసుకుంది. అంతమాత్రాన కేసు ఆపమనలేదు. క్షమించటం వేరు, నేరానికి చట్టం వేసే శిక్ష వేరని స్పష్టంగా చెప్పింది. కేసు సుప్రీంకోర్టు దాకా నడిచింది, ప్రధాన ముద్దాయికి యావజ్జీవం ఖాయమైంది. జరిగినదాన్ని తక్కువ చేసి చెప్పలేదు, జరిగినదానికంటే ఎక్కువ చేసి ఆ జిల్లా జనం మొత్తాన్నీ దోషులనలేదు. ఇలాంటి క్షమాపణను ఇంకొకరి నుంచి డిమాండు చేసే హక్కు మాత్రం ఎవరికీ లేదు, పాస్టరుకు కూడా. అది గాయపడ్డవాళ్లు ఇస్తే తీసుకోవలసిందే గాని అడిగి పుచ్చుకునేది కాదు.

మళ్లీ మన వీధుల్లోకి వస్తాను. దక్షిణ ఇండియా సంఘం 1947 సెప్టెంబరులో ఏర్పడ్డాక, 1950లో ప్రభురాత్రి భోజనానికి కొత్త ఆరాధన క్రమం తయారు చేసుకుంది. అందులో ఆదిమ సంఘంలో ఉన్న సమాధానపు పలకరింపును తిరిగి తెచ్చారు. బల్ల దగ్గరికి వచ్చేముందు పక్కనున్నవారి అరచేతిని అరచేతితో కలిపి సమాధానం అందించుకోవాలి. అర్పణ తెచ్చి బలిపీఠం దగ్గర నిలబడ్డాక నీ సహోదరుడికి నీమీద ఏదైనా ఉన్నట్టు గుర్తొస్తే, అర్పణ అక్కడే వదిలి ముందు వెళ్లి సమాధానపడి రమ్మన్న యేసు మాట దానికి పునాది. మన సంఘాల్లో మాత్రం పక్కింటివాళ్లతో మాటల్లేవు కనుక నేను బల్లలో పాలు పుచ్చుకోను అని ఏళ్ల తరబడి వెనక బెంచీలో కూర్చునేవాళ్లు ఉన్నారు. దాన్ని భక్తి అనుకుంటారు. యేసు బల్ల మానమనలేదు, వెళ్లి రమ్మన్నాడు.

నెల మొదటి ఆదివారం సంస్కారం ఉంటుంది కదా. ఆ లోపల ఒక సాయంత్రం మీ గోడ అవతలి ఇంటికి వెళ్లండి. తప్పు వాళ్లదైతే ఆ తప్పేమిటో ఏమీ చేర్చకుండా చెప్పండి, వాళ్లు చెప్పేది పూర్తిగా వినండి. తప్పు మీదైతే అదీ చెప్పండి. కాఫీ ఇస్తే తాగండి. కసురుకుంటే తిరిగి వచ్చేయండి, వచ్చాక అన్నాల దగ్గర వాళ్లన్నది ఎంతో అంతే చెప్పండి.